మినపవేరులోని ఎరుపు

కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, పైరు ఇంకా నిలిచి ఉండగానే, తడి ఆరని మాగాణిలో మినుములు వెదజల్లడం రైతులకు అలవాటు. దున్నరు, నీరు కట్టరు. నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు కాపుకు వస్తుంది. నత్రజని ఎరువు కూడా అంతగా అడగదు. మరి దానికి అన్నం పెడుతున్నదెవరు?

పూతకు వచ్చిన మినపమొక్కను మట్టిగడ్డతో సహా పెళ్లగించి, నీటిలో మెల్లగా కడిగి చూడండి. వేళ్లకు ఆవగింజలంతేసి బుడిపెలు కానవస్తాయి. చీడ పట్టినదని భ్రమించేవారూ కద్దు. ఒకదానిని గోటితో చీల్చితే లోపల లేత ఎరుపు! మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థమది. రైజోబియం వర్గపు సూక్ష్మజీవులు ఆ బుడిపెలో కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపానికి మారుస్తాయి. ఆ పని చేసే ఎంజైముకు ప్రాణవాయువు పగ. సూక్ష్మజీవుల ఊపిరికో అది కావాలి. ఈ తగవు తీర్చేదే ఆ ఎర్రని పదార్థం: ప్రాణవాయువును పట్టి ఉంచి, కొలిచినట్లు కొంచెం కొంచెమే అందిస్తుంది. ప్రతిఫలంగా మొక్క తన ఆకులలో వండిన చక్కెరను పంపుతుంది. బుడిపె లోపల తెల్లగా ఉంటే పని ఇంకా మొదలు కాలేదన్నమాట. ఆకుపచ్చగా ఉంటే ముగిసిందన్నమాట.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. దానిని కర్మాగారంలో అమ్మోనియాగా మార్చడానికి సుమారు 400 డిగ్రీల వేడి, నూరు వాతావరణాలకు మించిన ఒత్తిడి కావాలి. జర్మనీలో హెల్‌రీగెల్ ఈ వేరుబుడిపెల రహస్యాన్ని 1886లో వెల్లడించాడు. హాలెండులో బైయరింక్ 1888లో ఆ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచాడు. కారణం ఎరుగకున్నా, జొన్నలో కంది సాళ్లు వేసిన మన పూర్వులు ఫలితం ఎరుగుదురు. అమరకోశం వల్లించిన విద్యార్థికి ‘ఉర్వర’ అనే మాట తెలిసే ఉంటుంది. ఆ పేరు నేలది, ఎరువుది కాదు.

అయితే బుడిపెలు కూర్చిన నత్రజని అంతా నేలకే మిగులుతుందనుకోవడం పొరపాటు. అధికభాగం గింజతో పాటు ఇల్లు చేరుతుంది. జనుమును, జీలుగను పూతదశలో కలియదున్నితే మాత్రం అదంతా నేలదే.

పల్లాకు తెగులు, బంగారుతీగ బాధ పడలేక, డెల్టాలో పలుచోట్ల మినుము మాని మొక్కజొన్న వేస్తున్నారు. రైతును తప్పుపట్టలేము, తెగులు సోకిన చేను గింజ ఇవ్వదు. కాని మొక్కజొన్న నత్రజనిని తెచ్చే పైరు కాదు, తినే పైరు. ఆ లోటు యూరియా బస్తాలతో పూడ్చవలసిందే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. యూరియా దండిగా పడిన చేలో మినపమొక్కకు బుడిపెలు తక్కువ. అటువంటి చేనిలోని మొక్కనొకటి, యూరియా ఎరుగని చేనిలోని మొక్కనొకటి తెప్పించి, పిల్లలచేత వేళ్లు కడిగించి, బుడిపెలు లెక్కపెట్టించండి.