వేరుశనగ ఆకుముడత పురుగు - పశువుల మేత

తనిఖీకి పల్లెలకు వెళ్లినప్పుడు "వానల్లేక చేను మాడిపోయింది సార్" అనే మాట తరచు వింటుంటాను. ఒకసారి ఒక సభ్యుని వేరుశనగ చేని గట్టున ఆగి, ముడుచుకున్న ఆకు ఒకటి విప్పి చూపించాను. లోపల నల్లని తలతో ఆకుపచ్చని చిన్న పురుగు వున్నది. ఆయన అప్పటిదాకా ఒక్క ఆకైనా విప్పి చూడలేదు.

ఇదే ఆకుముడత పురుగు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అప్రోఏరిమా మోడిసెల్లా. తల్లి పురుగు గోధుమ, బూడిద రంగులు కలిసిన చిన్న రెక్కల పురుగు. పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు. ఆకుల అడుగున విడివిడిగా గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులలో పిల్ల పురుగు బయటపడి, ఆకులోకి తొలుచుకొని పోతుంది. పై పొరను, కింది పొరను అలాగే వుంచి, నడుమనున్న పచ్చని పదార్థాన్ని మాత్రమే తింటుంది. పైకి చిన్న గోధుమ రంగు మచ్చ కనబడుతుంది. దానిని కొందరు తిక్క తెగులని పొరబడతారు. ఆకును వెలుతురుకు పట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

కాస్త పెరిగేసరికి లోపల చోటు చాలదు. అప్పుడు బయటికి వచ్చి, ఆకును మడిచి, లేదా పక్క ఆకులతో కలిపి దారాలతో అల్లుకొని, ఆ గూటిలోనే వుండి తింటుంది. అక్కడికి మందు సరిగా చేరదు. కావున మచ్చలు కనబడిన దశలోనే చూసుకోవాలి. ఉధృతమైతే చేను దూరానికి కాలినట్లే వుంటుంది. బెట్టలో ఈ పురుగు పెరుగుతుంది, గట్టి వాన పడితే తగ్గుతుంది. ఆ సభ్యుడు చెప్పినదానిలోనూ సగం నిజమున్నది.

పాడి రైతుకు నష్టం కాయతో ఆగదు. వేరుశనగ కట్టెలో మాంసకృత్తులు కాడలో కంటె ఆకులోనే ఎక్కువ. ఆకు రాలితే వామి వామిగానే కనబడుతుంది గాని, అందులో మిగిలేది కాడలే. అటువంటి కట్టె వేసి, దాణా మాత్రం పాత లెక్కనే పెట్టి, పాలు తగ్గాయని సంఘంలో కొలతను అనుమానించినవారిని చూశాను. సోయాచిక్కుడు, కంది, మేతకు వేసే లూసర్న్ మీద కూడా ఇది బతుకుతుంది.

రాత్రి 8 నుండి 11 గంటల వరకు దీపపు ఎర పెడితే రెక్కల పురుగుల రాక తెలుస్తుంది. మందు అవసరమా, ఏది, ఎంత అన్నది వ్యవసాయ అధికారిని అడగండి. మందు కొట్టిన చేను కట్టెను, డబ్బాపై రాసిన గడువు తీరకముందు పశువులకు వేయరాదు. ఆ అవశేషం పాలలోకి రావచ్చు. ఆ పాలు మీ ఇంటి చెంబులోకీ, సంఘం క్యానులోకీ వెళ్తాయి.