ఇనుప ఎముకల ఓడ

ఓడ ఎక్కినవాళ్లు ముందు ఫిరంగులు చూస్తారు. విశాఖ షిప్‌యార్డులో ప్లేట్లు కోస్తూ, వంచుతూ బతికినవాణ్ని, నా చూపు మాత్రం గోడ మీదికే పోతుంది. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ రేవుకు తీసుకెళ్లి హెచ్.ఎం.ఎస్. వారియర్ అనే పాత యుద్ధనౌకను చూపించినప్పుడూ అంతే. ఎక్కడా వెల్డింగు గీత లేదు. అంతా రివెట్లే!

దాని కథ కాస్త ముందునుంచి చెప్పాలి. 1853లో సినోప్ రేవు దగ్గర రష్యా నౌకలు పేలే గుండ్లతో టర్కీ కొయ్య ఓడలను తగలబెట్టాయి. కొయ్య యుద్ధనౌకలకు కాలం చెల్లిందని అప్పుడే అర్థమైంది. 1859లో ఫ్రాన్స్ ‘గ్లోయిర్’ను నీళ్లలోకి దించింది. దానిది కొయ్య ఒళ్లే, పైన ఇనుప రేకులు తొడిగారు. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసి, ఎముకలతో సహా ఓడంతా ఇనుముతోనే కట్టింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బ్లాక్‌వాల్‌లో తయారైన వారియర్ 1860 డిసెంబరు 29న జలప్రవేశం చేసింది. ఆ రోజు చలికి ఓడ తాను జారాల్సిన స్లిప్‌వేకే గడ్డకట్టి అతుక్కుపోయింది. కుంపట్లు వెలిగించి, టగ్గులతో లాగితేగానీ కదల్లేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది దాని కవచం. బయట నాలుగున్నర అంగుళాల ఇనుము, దాని వెనక 18 అంగుళాల టేకు, ఆ వెనక ఓడ అసలు గోడ. గుండు తగిలిన అదురును టేకు మింగేస్తుంది. ప్లేట్ల అంచులను వడ్రంగులు పలకలు జోడించినట్టు గాడిలో నాలుక దూర్చి బిగించారు. పని గట్టిదే, కానీ ఒక ప్లేటు దెబ్బతింటే ఊడదీయడం నరకం. తర్వాతి ఓడల్లో ఆ పద్ధతి మానేశారు. పైగా కవచం ఉన్నది మధ్యలో 213 అడుగుల మేరకే. ముందూ వెనకా లేదు, చుక్కాని యంత్రానికీ రక్షణ లేదు. బరువుతో వచ్చిన తిప్పలవి.

ఆవిరి యంత్రంతో దాని వేగం 14 నాట్లు దాటేది. తెరచాపలూ ఉండేవి. వాటితో వెళ్లేటప్పుడు నీటికి అడ్డం కాకుండా ప్రొపెల్లర్‌ను పైకి లాగేవారు. దానికి దాదాపు 600 మంది పట్టాలి!

ఇంత చేసినా వారియర్ ఒక్క యుద్ధం కూడా చేయలేదు. పదేళ్లు తిరిగేసరికి తెరచాపలే లేని ‘డెవస్టేషన్’ అనే యుద్ధనౌక వచ్చి దీన్ని పాతదాన్ని చేసేసింది. 1883లో సముద్రం మీద దీని కొలువు ముగిసింది. కొన్నాళ్లు టోర్పెడో శిక్షణకు వాడారు. 1924లో అమ్మకానికి పెడితే కొనేవాళ్లే లేరు. 1929లో వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌కు లాక్కెళ్లి, ఓడలు ఆనుకుని ఆయిల్ నింపుకునే తేలే జెట్టీగా మార్చారు. అక్కడ అర్ధశతాబ్దం పాటు సుమారు 5,000 ఓడలు నింపుకుని వెళ్లాయి. 1979లో హార్ట్‌లీపూల్‌కు చేర్చి ఎనిమిదేళ్లు బాగుచేశారు. 1987లో పోర్ట్స్‌మత్ చేరింది.

గ్లోయిర్‌ను 1883లోనే విరగ్గొట్టేశారు. వారియర్‌కు ఆ గతి పట్టకపోవడానికి కారణం దాని కీర్తి కాదు. పేరు పోయినా, కొలువు పోయినా ఒళ్లు గట్టిగా ఉంది కాబట్టి ఎవరో ఒకరికి పనికొస్తూనే ఉంది. ఆ రివెట్లు కొట్టినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా నాకు కనబడలేదు. ఓడను నిలబెట్టింది మాత్రం వాళ్లే.