ఎండిన చెరువు గర్భమున నాలుగు త్రోవలు

అనంతపురపు మెట్టభూములలో పెరిగినవానికి దిక్కు తెలియకపోవుట అరుదు. చెట్టు చేమ తక్కువైన ఆ బయలులో తల యెత్తినచో సూర్యుడు కనిపించును. చూపు సాచినచో ఏదో ఒక కొండ గురుతు దొరకును. తూర్పు చేను, పడమటి బావి అని దిక్కులతోనే అతడు తన ఊరిని చెప్పుకొనును. అట్టివాడు బెంగుళూరు చేరి, మెజెస్టిక్ వద్ద నేలలోనికి మెట్లు దిగినంతనే, బుద్ధి యెరిగిన తరువాత మొదటిసారిగా దిక్కు పోగొట్టుకొనును. అక్కడ సూర్యుడు లేడు, కొండ లేదు, గాలివాటము లేదు. ఉన్నది దీపముల వెలుతురు, పరుగులిడు జనము.

అతడు అక్కడి కేల పోవలెను? పడమటి కనుమలు నైరుతి ఋతుపవనమును అడ్డగించుట, తూర్పు సముద్రము దూరమగుట, ఈ రెండును కలిసి ఈ సీమను వర్షచ్ఛాయలో నిలిపినవి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వేళకు రాదు. వేరుసెనగ పైరు మాడిన యేట పలువురకు మిగులు దారి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు పోవు రైలే. 2022 లో జిల్లా రెండుగా చీలి, ఆ మూడు ఊళ్ళును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. రైలుదారి మాత్రము మారలేదు, ఎక్కువారి అవసరమును మారలేదు. తాపీపనికి పోవువాడు, కాపలాపనికి పోవువాడు, పట్టా చేతబట్టి ఉద్యోగమునకు పోవు పిల్లవాడు అందరును ఆ పెట్టెలలోనే కూర్చుందురు.

పేర్ల చిక్కు

దిగిన వెంటనే ఎదురగు మొదటి చిక్కు పేర్లది. మెజెస్టిక్ అనునది ఒకనాటి సినిమాహాలు పేరు. హాలు పోయినది, పేరు పేటకు నిలిచినది. మెట్రోస్టేషను అధికారనామము నాడప్రభు కెంపేగౌడ స్టేషను. ఇది చాలదన్నట్లు పెద్ద రైల్వేస్టేషనుకు విడిగా మరియొక మెట్రోస్టేషను కలదు. అది తూర్పుపడమరల మార్గమున మాత్రమే ఉన్నది. రెండు మార్గములును కలియుచోటు మెజెస్టిక్ ఒక్కటే. ఈ తేడా తెలియక ఒకచోట దిగవలసినవారు మరియొకచోట వెదకుచుందురు.

తూర్పుపడమరల మార్గపు భూగర్భభాగము 2016 ఏప్రిల్‌లోను, ఉత్తరదక్షిణముల మార్గపు భూగర్భభాగము 2017 జూన్‌లోను ప్రజలకు తెరువబడినవి. మొదటిదానికి ఊదారంగు, రెండవదానికి ఆకుపచ్చ. ఊదారంగు బండ్లు ఆగు అంతస్తు పైన, ఆకుపచ్చవి ఆగు అంతస్తు దానికి క్రింద. ఒక బండి దిగి మరియొకటి ఎక్కువాడు గేటు దాటనక్కరలేదు, మరల టిక్కెట్టు కొననక్కరలేదు. మెట్లు ఎక్కుటయో దిగుటయో చాలును. ఈ సంగతి తెలియక జనము వెంట గేటు దాటినవాడు బయటి అంగళ్ళ నడుమ తేలును.

దారి తెలియుటకు రెండు గురుతులు చాలును: మొదట రంగు, పిదప కడపటి స్టేషను పేరు. ఊదాదారిలో తూర్పున వైట్‌ఫీల్డు, పడమట చల్లఘట్ట. పచ్చదారిలో ఉత్తరమున మాదావర, దక్షిణమున సిల్క్ ఇన్‌స్టిట్యూట్. ఎలక్ట్రానిక్ సిటీకి పోవలసినవాడు పచ్చదారిని దక్షిణముగా ఆర్.వి. రోడ్డు చేరి, 2025 ఆగస్టులో ఆరంభమైన పసుపుదారి బండి పట్టవలెను. పోయిన దిక్కులు నాలుగును ఈ పేర్లలో అతనికి మరల దొరకును.

అక్షరముల చుట్టరికము

తెలుగు చదువ నేర్చినవానికి ఇక్కడ మరియొక ఆదరువు కలదు. తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి బిడ్డలు. తలకట్టు తీరును, క, త, శ వంటి కొన్ని అక్షరములను గుర్తించినచో తక్కిన పలక తనంత తానే పలుకును. ఊదాదారిని కన్నడిగులు నేరళె అందురు; అది మన నేరేడే. పచ్చదారి హసిరు; అది మన పసురే. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి అయినట్లే, ఇక్కడను పకారము హకారమైనది. పరాయి గోడ మీద ఇంటి మాట కనబడినపుడు అడుగు కొంత ధైర్యముగా పడును.

చదువు రానివారికి రంగులే అక్షరములు. అయితే వారి అసలు భయము దారి తప్పుట కాదు, తోడు తప్పుట. తలుపులు మూసికొను క్షణమున భర్త లోపలను, బిడ్డను ఎత్తుకొన్న భార్య వెలుపలను నిలిచిపోవచ్చును. కదిరి తేరునాడు తప్పిపోయినచో ఎక్కడ కలిసికొనవలెనో పెద్దలు ముందే చెప్పియుంచుదురు. ఆ పాతబుద్ధి ఇక్కడను పనికివచ్చును: వెనుక నిలిచినవారు కదలకుండ అక్కడనే ఉండవలెను, ముందు పోయినవారు తరువాతి స్టేషనులో దిగి తిరిగి రావలెను. బండి ఎక్కక ముందే అనుకొనవలసిన మాట ఇది. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. అక్కడ పరుగెత్తువారిలో పెక్కుమంది ఒకప్పుడు అడిగి తెలిసికొన్నవారే.

చివరకొక మాట. మెజెస్టిక్ బస్సుస్టాండు ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి యను చెరువు ఉండెను. అది బెంగుళూరు పేటకు నీరిచ్చినది; పిదప ఎండి మైదానమై, మైదానము బస్సుస్టాండైనది. ఆ ప్రాంగణము క్రిందనే నేడు మెట్రోబండ్లు నడుచుచున్నవి. అనంతపురమునకు ఆ పేరు కూడ అనంతసాగరమను చెరువు వలననే వచ్చినదందురు. చెరువు పేరిటి ఊరిలో నీరు చాలక బయలుదేరినవాడు, పొరుగునాట ఎండిన చెరువు అడుగున దిగి, బ్రతుకుదెరువునకు త్రోవ వెదకుకొనుచున్నాడు. ఆ త్రోవ చూపుట, అడిగినపుడు ఒక నిమిషము నిలిచి చెప్పుట, అతనికంటె ముందు వచ్చి దారి నేర్చినవారి ధర్మము.