మిరపకాయ మంట రుచి కాదు

షడ్రుచులలో కారం ఒకటని చిన్ననాటి నుండి వింటూ వచ్చాం. శరీరశాస్త్రం మాత్రం కారాన్ని రుచిగా అంగీకరించదు. పచ్చిమిరపకాయలు తరిగిన చేతితో కన్ను నలుపుకున్నవారికి దీనిని వేరే నిరూపించనక్కరలేదు. కంటికి రుచి తెలియదు గదా! మంట మాత్రం బాగానే తెలుస్తుంది.

చూపుకు కన్ను, వినికిడికి చెవి ఉన్నట్లు స్పర్శ, ఒత్తిడి, వేడి, చలి, నొప్పి అనే వాటికి ప్రత్యేకమైన అవయవం లేదు. చర్మమంతటా వ్యాపించిన నాడీ తంతువుల కొసలే వీటిని గ్రహిస్తాయి. కొన్ని కొసలకు ఉల్లిపొరల వంటి తొడుగు ఉంటుంది. అవి కంపనాన్ని గుర్తిస్తాయి. వేడిని, నొప్పిని కనిపెట్టేవి ఏ తొడుగూ లేని కొసలు.

ఈ కొసల పైపొరలో ప్రోటీనుతో నిర్మితమైన సూక్ష్మద్వారాలున్నాయి. వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటగానే వీటిలో ఒక రకం ద్వారం తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయానులు లోనికి ప్రవేశిస్తాయి. విద్యుత్ సంకేతం పుట్టి నాడి వెంట మెదడుకు చేరుతుంది. మిరపలోని కాప్సైసిన్ తెరిచేది కూడా సరిగ్గా ఈ ద్వారాన్నే. మెదడు ఒళ్లు కాలుతున్నదనే భ్రమపడి చెమట పట్టిస్తుంది! కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ సంగతి వెల్లడించింది. ఒత్తిడికి తెరుచుకునే ద్వారాలను 2010లో కనుగొన్న అర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు. పుదీనా జాతి మొక్కలలోని మెంథాల్ కూడా ఇలాగే చలి ద్వారాన్ని తెరిచి మనలను మభ్యపెడుతుంది.

చేతి గడియారం, గాజులు పెట్టుకున్న కాసేపటికే వాటి స్పర్శను మరచిపోతాం. నొప్పి అంత తేలికగా మరుపుకు రాదు. అది హెచ్చరిక కనుక అలా ఉండటమే మేలు.

ఆ హెచ్చరిక ఆగిపోతే? ఒక చలికాలంలో మా ఇంటికి వచ్చిన పెద్దాయన ఒకరు, పాదాలు చల్లబడ్డాయని హీటింగ్ ప్యాడ్ మీద పెట్టుకొని నిద్రపోయారు. తెల్లవారి చూస్తే అరికాళ్ల నిండా బొబ్బలు. ఆయనకు నొప్పే తెలియలేదు. ఇరవై ఏళ్ల మధుమేహం పాదాల నాడులను దెబ్బతీసింది. ఈ వ్యాధిలో సాధారణంగా అతి పొడవైన నాడులే ముందుగా చెడతాయి. అందుచేత స్పర్శ కాలివేళ్ల నుండి పైకి క్రమంగా తగ్గుతూ వస్తుంది. మధుమేహమున్నవారి పాదాలకు ఏటా స్పర్శపరీక్ష చేయించాలని వైద్యులు చెబుతారు. పరీక్ష చాలా సులువు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనిస్తారు. కళ్లు మూసుకొని, తగిలినప్పుడల్లా చెప్పాలి.

పెద్దాయన మూడుచోట్ల ఏమీ చెప్పలేదు. ఇప్పుడాయన వేడినీళ్లలో కాలు పెట్టే ముందు మోచేతితో చూసుకుంటున్నారు.