పనికి మనిషిని చూసుకునే ముందు



మా నూజివీడు పేరు చెప్పగానే చిన్నరసాలు, బంగినపల్లి గుర్తొస్తాయి కదూ! వేసవి వచ్చిందంటే, ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్మే నాలాంటి వాళ్ళకి సాయానికి మనుషులు కావాలి.

ఒక ఏడు పనికోసం ఇద్దరు వచ్చారు. "ఏమ్మా, పిల్లలెందరు? మీ ఆయనేం చేస్తాడు?" అని అడిగాను. అంతే! గలగలా మాట్లాడిన అమ్మాయిని పెట్టుకున్నాను. చంటిబిడ్డ తల్లి, మాట కూడా తక్కువని రెండో ఆమెను పంపేశాను. నెల తిరక్కుండానే రెండు జాడీలు బూజుపట్టాయి. ముక్కలు తడి ఆరకుండానే కలిపేశారు. ఆ అమ్మాయిని ఏమనగలను? తడి సంగతి నేను అడగనూ లేదు, చెప్పనూ లేదు. పంపేసినామెకు ఏళ్ళ తరబడి ముక్కలు కొట్టిన అనుభవముందని తర్వాత తెలిసింది. ఆమెకి ఆ వేసవి కూలి నావల్లే పోయింది.

అందుకే, మనిషి గడప తొక్కకముందే మనం సిద్ధం కావాలి. ముందు పనిని కాగితంమీద పెట్టండి: కాయలు కడిగి తుడవడం, టెంకతో సహా ముక్క కొట్టడం, జీడి, పొర తీయడం. వీటిలో తప్పక వచ్చి ఉండాల్సినదేది, మనం నేర్పుకోగలిగేదేది? విడివిడిగా రాయండి. కూలి ఎంత, ఎన్నాళ్ళు, ఏ వేళలు అన్నదీ తేల్చుకోండి. ఆమె అడిగితే మనం తడుముకోకూడదు.

తర్వాత అయిదారు ప్రశ్నలు రాసుకుని, వచ్చిన అందరినీ అవే అడగండి. అప్పుడే పోల్చి చూడటం కుదురుతుంది. "ఆవకాయ పని వచ్చా?" అంటే అందరూ వచ్చనే అంటారు. "ముక్కకి తడి ఉంటే ఏం చేస్తావు?" అనండి. "పొడిగుడ్డతో తుడిచి ఆరబెడతానండీ" అన్నామె ఆ పని చేసిన మనిషే. నాలుగు కాయలిచ్చి కొట్టమంటే ఇంకా మంచిది. ఆ కాసేపటికీ డబ్బివ్వడం న్యాయం.

కులం, కాన్పులు, మొగుడి సంగతులు మనకెందుకు? పనిలోకి తీసుకోవడంలో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది. 2019లో చేసిన వేతనాల కోడ్ కూడా అదే చెప్పింది. ఇక 14 ఏళ్ళు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ నిషేధించింది. వయసు మాత్రం తప్పక అడగండి.

వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. జవాబులు అప్పటికప్పుడే రాసుకోండి. తీసుకోకపోతే ఆ కబురూ వెంటనే పంపండి, ఇంకోచోట చూసుకుంటుంది. వంటమనిషికైనా, కొట్లో గుమాస్తాకైనా ఇదే పద్ధతి. మనం ఆమెను చూస్తున్నట్టే, ఆమె కూడా మనల్ని చూస్తుందని మరచిపోకండి.