ఆకాశములో మనకు పొరుగువారున్నారా?

“అయ్యగారూ, వేరే గ్రహాల మీద మనుషులుంటే బైబిలు తప్పయిపోతుందా?” యౌవనస్థుల కూటములలో ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచున్నది. “అటువంటివి అడుగకూడదు” అని కొందరు పెద్దలు గద్దించి కూర్చుండబెట్టుదురు. అట్లు నోరు మూయించబడిన పిల్లవాడు అదే ప్రశ్నను గుడి బయట మరియొకరిని అడుగును. కాబట్టి తెలిసినంతవరకు ఇక్కడనే చెప్పుకొందము.

మన సూర్యుని వంటి మరియొక నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును 1995లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మేయర్, కెలోజ్ కనుగొనిరి. 2025 నాటికి, మన సూర్యకుటుంబమునకు వెలుపల కనుగొన్న గ్రహముల లెక్క 6,000 దాటినది. వాటిలో ఒక్కదాని మీదనైనను జీవమున్నట్లు రుజువు కాలేదు.

ఇక మన పక్కనున్న అంగారకుని సంగతి. 1984లో అంటార్కిటికా మంచులో దొరికిన అంగారకుని రాతిలో జీవపు జాడలున్నవని 1996లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించగా లోకమంతయు ఉలిక్కిపడెను. ఆ గుర్తులు జీవము లేకుండను ఏర్పడగలవని తరువాత ఎక్కువమంది తేల్చిరి. 2024లో పెర్సెవరెన్స్ అను యంత్రము, ఒకప్పుడు అక్కడ నీరు పారిన చోట, మచ్చలున్న రాతిని తొలిచినది. అవి పూర్వపు సూక్ష్మజీవుల పనియై ఉండవచ్చునని 2025లో చెప్పిరి గాని నిశ్చయపరచలేదు. వెదకుచున్నది సినిమాలలోని ఆకుపచ్చ మనుషులను కాదు, పాలను పెరుగు చేయు సూక్ష్మజీవుల వంటి వాటిని!

విశ్వాసిని నిజముగా కలవరపెట్టు ప్రశ్న వేరొకటి. ఇంత విశాలమైన సృష్టిలో ధూళికణము వంటి ఈ భూమి కొరకు దేవుని కుమారుడు ప్రాణము పెట్టునా? ఇది నేడు పుట్టిన సందేహము కాదు. స్కాట్లాండులోని గ్లాస్గో పట్టణములో థామస్ చాల్మర్స్ అను సంఘకాపరి దీనిమీద వారపు దినములలో ప్రసంగించగా వ్యాపారులు పని మానుకొని వచ్చి వినిరి. ఆ ప్రసంగములు 1817లో పుస్తకముగా వచ్చెను. ఆయన జవాబు మాకు మిక్కిలి నచ్చినది. దుర్భిణి మనకు లోకముల గుంపులను చూపెను, నిజమే. అయితే సూక్ష్మదర్శిని ఒక ఆకులో, ఒక నీటిచుక్కలో మరియొక లోకమును చూపెను. అంత చిన్నదానిని అంత శ్రద్ధతో చేసినవాడు, నక్షత్రములు ఎక్కువైనంత మాత్రమున మనలను మరచునా? ఆ లోకములలో నివాసులున్నారని కూడ ఆయన ఇంచుమించు నమ్మెను. అంతదూరము మేము పోలేము.

మరి అచ్చట బుద్ధిగల జీవులే ఉన్నయెడల, వారును ఆదామువలె పడిపోయినవారా? క్రీస్తు ఒక్కమారే చనిపోయి లేచెను గనుక ఇతర లోకములుండవని సంస్కర్త మెలాంక్తన్ 16వ శతాబ్దములో వాదించెను. వాక్యము మన రక్షణను గూర్చి చెప్పుచున్నది గాని మిగిలిన గ్రహముల జాబితా ఇచ్చుటలేదు. మెలాంక్తన్ వాదమును పట్టుకొని ఒక యౌవనస్థుని నోరు మూయించుట మాకు ఇష్టము లేదు.