మీకు తెలుసా? ‘ఆక్స్’ వెలిగిందంటే మీటరు గిర్రున తిరుగుతుంది!

చలికాలంలో అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉన్న మీ అమ్మాయి ఇంటికి వెళ్లారా? హాల్లో గోడ మీది థర్మోస్టాట్ ఓసారి చూడండి. ‘ఆక్స్’ అని కనిపిస్తోందా? అయితే లోపలెక్కడో అదనపు హీటర్ కాయిల్ భగభగ కాలుతోంది! చాలా ఇళ్లలో అది 10 కిలోవాట్లది. మన బాత్రూమ్ గీజర్లు ఐదు ఒక్కసారే వేసినట్టు!

మరి ఇంటిని మామూలుగా వేడిచేసే హీట్ పంపు? అది వేడిని పుట్టించదండీ, బయటి గాలిలోంచి తోడుకొస్తుంది! చలి మరీ ముదరకపోతే ఒక యూనిట్ కరెంటుకి దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తుంది. ఆక్స్ కాయిలో? ఒకటికి ఒకటే!

గడ్డకట్టే చలిగాలిలో వేడెక్కడిది అంటారా? చాలా హీట్ పంపుల గొట్టాల్లో తిరిగేది ఆర్-410ఏ. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 51 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది! దాని లెక్కలో మంచు కూడా వేడే!

ఇప్పుడు అసలు గుట్టు వినండి. ఆక్స్ ఊరికే వెలుగుతుంటే చాలాసార్లు తప్పు మెషీన్‌ది కాదు, మన వేలిది! రాత్రి పడుకోబోతూ థర్మోస్టాట్ బాగా తగ్గిస్తాం. పొద్దున లేవగానే ఒక్క ఊపున పెంచేస్తాం. పొదుపు చేశామని మురిసిపోతాం! కానీ గది వేడికీ మనం పెట్టిన అంకెకీ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వస్తే చాలు, చాలా థర్మోస్టాట్‌లు ఆక్స్‌ని పిలిచేస్తాయి. రాత్రి మిగిలిందంతా పొద్దున్నే హారతి కర్పూరం!

గాలి చల్లగా వస్తోందని కంగారు పడ్డారా? హీట్ పంపు గాలి తరచూ 35 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంటుంది. ఒంటి వేడికన్నా తక్కువ! చేతికి చల్లగా తగలదూ మరి? అది చూసి కొందరు ‘ఎమర్జెన్సీ హీట్’ నొక్కేస్తారు. అంతే, కంప్రెసర్‌కి సెలవు! ఇల్లంతా కాయిల్ మీదే. మళ్లీ మార్చడం మరిచిపోతే బిల్లు చూశాకే గుర్తొస్తుంది.

పెరట్లో ఇంకో వింత! బయటి యూనిట్ ఫ్యాను ఠక్కున ఆగుతుంది. బుస్సుమని చప్పుడు. తెల్లగా పొగ! అయ్యో, కాలిపోతోందా? కాదు, అది ఆవిరి! బయటి యూనిట్ కాయిల్‌కి పట్టిన మంచుని యంత్రమే కరిగించుకుంటోంది. ఎలాగంటారా? కాసేపు ఏసీలా మారిపోతుంది. ఇంట్లో వేడినే లాగి బయటి మంచు మీద పోస్తుంది! ఆలోగా మీకు చలి వేయకుండా ఆక్స్ అందుకుంటుంది. ఇది రోగం కాదు. మామూలుగా 10 నిమిషాల్లో ముగిసిపోయే తంతు. గంటలు గడిచినా యూనిట్ ఐసుగడ్డలాగే ఉందా? అప్పుడు సెన్సరో, డీఫ్రాస్ట్ బోర్డో, తగ్గిన గ్యాసో చూడాలి. కత్తితో మాత్రం చెక్కకండి! పల్చటి ఫిన్నులు వంగిపోతాయి, గొట్టానికి చిల్లు పడినా పడుతుంది.

కొత్త థర్మోస్టాట్ పెట్టాక ఇల్లు వేడెక్కడం లేదా? వేడా, చల్లదనమా అని యంత్రానికి చెప్పే నారింజ రంగు వైరు సంగతి చూడండి. నడిచేది 24 వోల్టుల మీదే, పెత్తనం మాత్రం యంత్రమంతటి మీద! దాని సెట్టింగ్ తిరగబడిందంటే హీట్ పంపు ఇంటిని చల్లబరుస్తుంటుంది, ఆక్స్ వేడి చేస్తుంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరి కుస్తీ! బిల్లు కట్టేది మీరు!

బయట చలి లేకపోయినా ఆక్స్ వెలుగుతోందా? చాలా థర్మోస్టాట్‌లలో దానికో తాళం ఉంటుంది! 40 డిగ్రీల ఫారెన్‌హీట్ అని పెడితే, బయట అంతకన్నా వెచ్చగా ఉన్నంతసేపూ ఆక్స్ నోరెత్తదు. పెట్టేవాళ్లే తక్కువ!

చివరిది మహా దొంగ! పేరు సీక్వెన్సర్. కాయిల్‌కి కరెంటు వదిలేది ఈ చిన్న స్విచ్చే. ఇది అతుక్కుపోతే థర్మోస్టాట్ ఆపినా కాయిల్ ఆగదు. మెకానిక్ క్లాంప్ మీటర్ పెడితే ఇట్టే దొరికిపోతుంది. సున్నా చూపాల్సిన చోట 21 ఆంపియర్లు కనిపిస్తే, 5 కిలోవాట్ల కాయిల్ ఇంకా కాలుతున్నట్టే! మూత మాత్రం మీరు విప్పకండి, లోపల ఉన్నది 240 వోల్టులు. ఈ దొంగ ఎండాకాలంలోనూ పనిచేస్తాడండోయ్! ముందు ఏసీ చల్లబరుస్తుంటే వెనక కాయిల్ కాలుతుంటుంది. మనమేమో బిల్లు పట్టుకుని ఏసీని తిడతాం!